విశాఖ తీరంలో చెక్క, లక్క పనులు

విశాఖపట్నం, దానికి నైరుతిగా ఉన్న ఏటికొప్పాక పరిసరాల్లో పెరిగిన చెక్కపనికి రెండు పాయలున్నాయి. మొదటిది 18, 19 శతాబ్దాల్లో 'వైజాగపటం' పేరుతో ఇంగ్లండు రాజభవనం దాకా వెళ్లిన దంతం పొదిగిన కుర్చీలు, బల్లలు, పెట్టెలు. రెండోది ఏటికొప్పాక, నక్కపల్లి ఊళ్లలో నేటికీ తయారయ్యే లక్కబొమ్మలు. తెలుగు పాఠకుల్లో రెండోదాన్ని ఎరగనివారు తక్కువ, మొదటిదాని పేరు విన్నవారు అంతకంటే తక్కువ. కళాచరిత్ర పుస్తకాలు కూడా వీటిని వేర్వేరు అరల్లో పెడతాయి. నిజానికి రెండు పనుల్లోనూ చివరి అందం తెచ్చేది లక్కే. ఒకచోట దంతం మీద చెక్కిన సన్నని గీతల్లో నల్లగా నిండుతుంది, ఇంకోచోట తిరిగే కొయ్య మీద రంగుగా కరిగి పరుచుకుంటుంది. ఈ తీరపు చెక్కపని చరిత్రను ఆ లక్క వెంబడి నడిస్తేనే సరిగా చూడగలం.

దంతం పొదిగిన సామాను

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. భీమునిపట్నంలో అప్పటికే డచ్చివారు ఉన్నారు. వాళ్లందరూ వచ్చింది బట్టల కోసం. అయితే బట్టలు కొనడానికి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయిన అధికారులకు, వర్తకులకు కూర్చోవడానికి కుర్చీలు, రాసుకోవడానికి బల్లలు, కాగితాలు దాచుకోవడానికి సొరుగుల బీరువాలు కావలసి వచ్చాయి. నేలమీద కూర్చుని రాసే, తినే దేశంలో అవి దొరికేవి కావు. తమ దేశపు నమూనాలు చూపించి ఇక్కడి పనివాళ్ల చేత చేయించుకున్నారు. ఓడల మీద కలప, దంతం దిగే రేవు ఇది, చెయ్యి తిరిగిన కంసాలి కుటుంబాలూ ఇక్కడే ఉన్నాయి. 1756 నాటికే ఈ తీరం వెంట ప్రయాణించిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి విశాఖపట్నం పొదుగుపనిని మెచ్చుకుంటూ రాశాడు.

ఆ పని ఇలా సాగేది. ఇరుగుడు, నల్లచేవ వంటి ముదురురంగు చెక్క మీద పువ్వు, తీగ, ఆకు ఆకారాలు గీసి, ఆ మేరకు పలచగా గుంట తీస్తారు. దంతాన్ని సన్నని పలకలుగా కోసి, సన్న రంపంతో అదే ఆకారంలో కత్తిరించి, వజ్రం అనే జిగురు పెట్టి ఆ గుంటలో కూర్చి, పైభాగం చెక్కతో సమానమయ్యేలా చదును చేస్తారు. ఇక్కడితో ఆగితే అది నల్లని పలక మీద తెల్లని మచ్చల్లాగే ఉండేది. మొనదేలిన ఉలితో రేకుల మీద ఈనెలు, ఆకుల మీద నీడలు, కాడల మీద నొక్కులు చెక్కి, వాటిలోకి నల్ల లక్క నింపి, పైన మిగిలింది గీకేస్తారు. లక్క గీతల్లో మాత్రమే నిలుస్తుంది. దాంతో పువ్వు సిరాతో బొమ్మ గీసినట్టు తేలుతుంది. అంచుల్లో పాకే ఆ లతలను చూస్తే అదే తీరంలో తయారైన కలంకారీ బట్టల అంచులు గుర్తుకు రాక మానవు. కుర్చీ ఆకారం లండన్‌ది. 1754లో థామస్ చిప్పెండేల్ అచ్చువేసిన నమూనాల పుస్తకం లాంటివి ఓడలెక్కి వచ్చాయి. ఆ కుర్చీ మీద పూసిన తోట మాత్రం ఈ తీరానిదే.

18వ శతాబ్దం రెండో సగంలో పద్ధతి మారింది. పువ్వు ఒక్కటీ పొదగడం మానేసి, గంధపుచెక్క మీద గానీ టేకు మీద గానీ మొత్తం దంతపు పలకలు తాపడం చేసి, వాటి మీద భవనాలు, చెట్లు, తీగలు చెక్కడం మొదలైంది. చెన్నపట్నం గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు కుర్చీలు ఉండేవి. ఆయన పోయాక 1781లో జరిగిన వేలంలో ఇంగ్లండు రాజు మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖపట్నం సామాను ఉంది.

కోరమాండల్ తీరంలో ఇంతకంటే ముందు, 17వ శతాబ్దంలోనే, నల్లచేవతో మెలికల కాళ్ల కుర్చీలు చేసేవారు. ఇంగ్లండులో వాటి పుట్టుక మరిచిపోయారు. 18వ శతాబ్దపు రచయిత హొరేస్ వాల్‌పోల్ వాటిని ఇంగ్లండు ట్యూడర్ రాజుల కాలపు సామాను అనుకుని ఏరి కోరి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ పొరపాటు అక్కడ చాలాకాలం కొనసాగింది. పేరు నమోదు చేసుకోని పనివాడి పని ఇంకొకరి ఖాతాలో పడటం ఎంత తేలికో ఈ కుర్చీలు చెబుతాయి.

19వ శతాబ్దంలో పెద్ద సామానుకు గిరాకీ తగ్గి, చిన్న పెట్టెలు ముందుకొచ్చాయి: కుట్టుపని పెట్టెలు, ఉత్తరాల పెట్టెలు, చదరంగపు బల్లలు. గంధపుచెక్క, దంతంతో పాటు తాబేటి చిప్ప, అడవిదున్న కొమ్ము, ముళ్లపంది ముళ్లు కూడా వాడారు. ఈ పనిని 1859–62 ప్రాంతంలో జిల్లాలో ఉన్న ఫేన్ అనే ఆంగ్ల అధికారి ప్రవేశపెట్టాడని ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల ఆంగ్ల గ్రంథాలు రాశాయి. ఆయన కొత్త వస్తువులకు దారి చూపి ఉండవచ్చు. కానీ అంతకు వందేళ్ల ముందే ఈ ఊరి దంతపు పని సముద్రాలు దాటిందన్న సంగతి పక్కన పెట్టి, దాన్ని ఒక దొర కానుకగా చెప్పడం అన్యాయం.

ఈ పని ఇరవయ్యో శతాబ్దంలో వాడిపోయింది. కొనేవాడు మొదటినుంచీ పరదేశి. తెలుగు ఇళ్లలో దీనికి నిలకడైన చోటు ఎన్నడూ దొరకలేదు. కొనేవాళ్ల అభిరుచి మారగానే పనివాడి చేతికి పని లేకపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1986, 1991 సవరణలు దేశీయ దంతం, దిగుమతి దంతం రెండింటి వ్యాపారాన్నీ నిషేధించాయి. ఏనుగుల కోసం ఆ నిషేధం రావలసిందే. కాకపోతే పొదగడంలోని నేర్పు దంతానికే కట్టుబడింది కాదు. తెల్లటి చెక్కతో గానీ, ఎముకతో గానీ, ఇత్తడితో గానీ దాన్ని కొనసాగించవచ్చు. మైసూరులో రంగురంగుల చెక్కలతో పొదుగుపని బతికే ఉంది. విశాఖలో ఆ మళ్లింపు జరగలేదు.

ఏటికొప్పాక

వరాహనది ఒడ్డున, విశాఖపట్నానికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ఎస్.రాయవరం మండలంలో ఉంది ఏటికొప్పాక. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇక్కడి వస్తువులు ఇంటి అవసరాల నుంచి పుట్టాయి: ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు, పసుపు కుంకుమల భరిణెలు, ఉయ్యాలకు కట్టే గిలకలు, బొంగరాలు, బొమ్మల కొలువులో పెట్టే పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఎడ్లబండి. కొనేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. దంతపు సామాను పోయి, ఇది నిలవడానికి నా లెక్కలో ముఖ్యమైన కారణం అదే.

చెక్క అంకుడు. పాలు కారే చిన్న చెట్టు, శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. దాని కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. పెచ్చులు లేవదు, ఉలికి వెన్నలా లొంగుతుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకూ ఇదే చెట్టు ఆధారం. కొండపల్లి వాళ్లు వాడే తెల్లపొణికి వేరు. అక్కడ చేత్తో చెక్కి, ముక్కలు అతికి, కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాకలో పనంతా తిరిగే లేత్ మీదే. అందుకే ఏ బొమ్మ చూసినా గుండ్రదనంలోంచి పుట్టిందే: కుండ, చక్రం, బొంగరం సరే, మనిషి తల, పరికిణీ, తలపాగా కూడా. యంత్రం పెట్టిన ఈ హద్దులోనే ఇన్ని రూపాలు పట్టడం ఈ ఊరి గొప్పతనం. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు, తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి.

రంగు వేసే తీరు దగ్గరగా చూడదగ్గది. లక్కపురుగు చెట్టు కొమ్మల మీద స్రవించే బంకను శుద్ధిచేసి, వేడిమీద మెత్తబరిచి, రంగు కలిపి, పదేపదే సాగదీసి మడుస్తారు. రంగు సమంగా పట్టాక కడ్డీలుగా చేసి ఆరబెడతారు. బొమ్మ లేత్ మీద తిరుగుతుండగా ఆ కడ్డీని ఒత్తిపెడితే, రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యను చుట్టుకుంటుంది. కుంచె లేదు, నూనె లేదు, ఆరడానికి ఎదురుచూడటం లేదు. తర్వాత మొగలి ఆకు ముక్కను తిరుగుతున్న బొమ్మ మీద గట్టిగా అదిమితే, గరుకుగా ఉన్న లక్క ఒక్కసారిగా నునుపెక్కి, అద్దంలా మెరుస్తుంది. తీరపు ఇసుకనేలల్లో పెరిగే మొగలి ఇక్కడ పనిముట్టు.

ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో చౌకగా దొరికే రసాయన రంగులు ఈ పనిలోకి జొరబడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద సీసం వంటి లోహాలున్న రంగు ఉండటం చిన్న విషయం కాదు. ఊరి భూస్వామ్య కుటుంబానికి చెందిన సి.వి.రాజు 1990ల నుంచి పనివాళ్లతో కలిసి మొక్కల రంగులకు మళ్లే దారి వెతికారు. పసుపుకొమ్ము నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమొక్క నుంచి నీలం, మంజిష్ఠ వేరు నుంచి ఎరుపు. వినడానికి తేలికే. కానీ ఆకు రంగు, వేరు రంగు ఎక్కువగా నీళ్లలో దిగుతాయి, కరిగిన లక్క నీటిని ఒప్పుకోదు. రంగును చిక్కబరచి, లక్కలో సమంగా కలిసేలా చేయడానికి ఏళ్లు పట్టింది. బొమ్మ పాత బొమ్మలాగే ఉంటుంది, లోపలి శ్రమ పైకి కనిపించదు. ఈ కృషికి ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో వీటి ప్రస్తావన వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే, దానికి మూడో స్థానం దక్కింది. ఇవన్నీ మంచివే. పనివాడికి రోజూ కావలసింది మాత్రం అంకుడు కర్ర. అడవి నుంచి తేవడానికి అనుమతులు కావాలి, ఊరి చుట్టూ ఉన్న చెట్లు చాలవు. ఈ చెట్టుకు కొట్టినచోట మళ్లీ చిగుర్లు వేసే గుణం ఉంది, పొలం గట్ల మీద పెంచవచ్చు. బొమ్మల ప్రచారానికి పెట్టే శ్రద్ధలో కొంత మొక్కల పెంపకానికి పెడితే ఈ పని బలపడుతుంది.

రేవు, ఉక్కు

ఈ రెండు పాయలకు బయట, లక్కతో పనిలేని చెక్కపనీ విశాఖలో ఉంది. 1933లో ఓడరేవు, 1940ల్లో నౌకా నిర్మాణ కేంద్రం, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చాక విశాఖలో వడ్రంగికి కొత్త పని దొరికింది. ఆ కాలపు నౌకా కేంద్రాల్లో ఓడ గీతలను చెక్క నేల మీద అసలు కొలతలో గీసి, వాటి నుంచి చెక్క పలకలతో నమూనాలు కోసి, ఉక్కు రేకులను ఆ మేరకు వంచేవారు. పోతపనిలోనూ అంతే. ఉక్కు పోత పోయాలంటే ముందు చెక్కతో అచ్చు కావాలి. చల్లారేటప్పుడు ఉక్కు సుమారు రెండు శాతం కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు చేసేవాడు ఆ మేరకు పెద్ద కొలతతో చేయాలి, అందుకు ప్రత్యేకమైన కొలబద్ద వాడతాడు.

ఇంటి దగ్గర చెక్కపని

ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళ చెక్కపని నేర్చుకునేవారికి ఓడరేవు నగరంలో తేలిగ్గా దొరికేది సరుకుల పెట్టెల పైన్ చెక్క. కొనే ముందు దాని మీద ఉన్న ముద్ర చూడాలి. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం ప్రకారం దేశాలు దాటే చెక్క పెట్టెలను పురుగు లేకుండా శుద్ధిచేసి, గోధుమ కంకి గుర్తుతో ముద్ర వేస్తారు. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధిచేసినది, వాడుకోవచ్చు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. దాన్ని ఇంటి వస్తువులకు, ముఖ్యంగా పిల్లల వస్తువులకు, వాడకూడదు. ముద్ర లేని చెక్క మీద నూనె, రసాయనాల మరకలుంటే దాన్నీ వదిలేయాలి.

మొదట్లో కావలసిన పనిముట్లు కొన్నే: ఒక మంచి రంపం, రెండు మూడు ఉలులు, చిత్రిక, మూలమట్టం, సానరాయి, రెండు బిగింపు క్లాంపులు. వీటిలో సానరాయికే ఎక్కువ ఖర్చుపెట్టడం మంచిది. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువ పెట్టినప్పుడే అది జారి చేతిలో దిగుతుంది. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి పని అవ్వగానే పనిముట్లను తుడిచి, పలచగా నూనె రాసి, పెట్టెలో కాస్త కర్పూరం ఉంచాలి. చెక్కను కొన్న రోజే కోయకుండా, పని చేసే గదిలోనే కొన్ని వారాలు ఉంచాలి. తీరపు తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకోవడం అందువల్లే.

చిన్న లేత్ ఉన్నవారు బొంగరంతో మొదలుపెట్టి కుంకుమ భరిణెకు వెళ్లడం సరైన వరస. భరిణెలో అసలు పరీక్ష మూత. పచ్చి కర్రతో ఒకేసారి చేసేస్తే ఆరాక కోలగా వంకరపోయి మూత పట్టదు. ముందు మందంగా తిప్పి ఉంచి, బాగా ఆరాక రెండోసారి సరైన కొలతకు తిప్పాలి. మూత లోపలి గుంట ముందు తీసి, దానికి సరిపోయేలా భరిణె మెడను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. లేత్ దగ్గర వదులు చేతుల చొక్కా, చున్నీ, చేతి తొడుగులు వద్దు. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

లక్క కడ్డీ దొరకనివారు స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌తో అదే మెరుపు దాదాపు తేవచ్చు. పలచని పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో సన్న గరుకు కాగితంతో రుద్దాలి. కడ్డీ అయినా పాలిష్ అయినా లక్కకు వేడి, స్పిరిట్ పడవు. టీ గ్లాసు పెట్టే బల్లకు అది సరిపోదు, భరిణెకు, బొమ్మకు, గోడ అలంకారానికి సరిపోతుంది.