బోధనయు సంఖ్యాబలమును
భాగ్యనగరమున ఆది-హిందూ ఉద్యమము

మంచి భావము మంచిదైనంత మాత్రమున తనంతట తాను లోకమున వ్యాపింపదు. దానిని గడపగడపకు చేర్చు మాట కావలెను. ఆ మాటను నమ్మినవారెందరో పాలకులకు తెలియవలెను. మొదటిది బోధన, రెండవది సంఖ్య. ఈ రెంటి పొత్తు ఎట్టిదో హైదరాబాదు నగరమున ఆచరించి చూపినవారు శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారు.

వర్మగారు 1888వ సంవత్సరము మే 22వ తేదీన ఆ నగరముననే జన్మించిరి. ఆనాడు మూసీనదికి ఇరుదరుల పేటలలో అంటరానివారని దూరముంచబడిన జనులు నివసించుచుండిరి. వారిలో అక్షరజ్ఞానము కలవారు బహు స్వల్పము. సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలో జరుగుచుండెను. త్రాగుడు, జంతుబలి, ఆడుబిడ్డలను దేవత పేర జోగినులుగా విడుచుట మున్నగు దురాచారములు వారి కష్టార్జితమును, కుటుంబ గౌరవమును హరించుచుండెను.

వర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిరి. చదువురాని వానికి కరపత్రమిచ్చిన ఫలమేమి? కావున మండలివారు హరికథలను, భజనలను, ఉపన్యాసములను సాధనములుగా గైకొనిరి. పగలంతయు కూలిచేసి వచ్చినవారు రాత్రివేళ కథ వినుటకు కూడుదురు. కథతోపాటు నీతియు వారి చెవిని పడును. గద్దింపునకు లొంగని అలవాటు తమవాడు చెప్పిన మాటకు లొంగుననుట ఈ పద్ధతిలోని మర్మము.

వినిన మాట నిలువవలెనన్న చదువు వలయును. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లి పేటలలో పాఠశాలలు వెలసినవి. అందు బోధన తెలుగులో జరిగెను. కాలక్రమమున ఆ పాఠశాలల సంఖ్య 26కు పెరిగెను. 1911లో మండలి మాన్య సంఘమయ్యెను. పిమ్మట ఆది-హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అను పేరు దాల్చెను.

ఒక పేరు ఎంత బలము కలదో 1917లో బెజవాడయందు కనబడెను. అచట పంచమ మహాజన సభకు వర్మగారు అధ్యక్షులు. నాలుగు వర్ణములే యుండగా ఐదవది ఎక్కడిదని ప్రశ్నించి, తమవారు ఈ దేశపు ఆదివాసులని వాదించి, ‘పంచమ’ శబ్దమును తొలగించి, సభకు ఆది-ఆంధ్ర నామమును పెట్టించిరి. 1922లో చెన్నపురి ప్రభుత్వమును ఆ పేరును అంగీకరించెను.

పేరు కలిగిన పిదప లెక్క రావలెను. నైజాము రాష్ట్రమున 1931 జనాభా లెక్కలలో ‘ఆది-హిందువులు’ అను శీర్షిక వేరుగా చేరెను. మొత్తము జనము 1 కోటి 44 లక్షలు కాగా, అందు ఆది-హిందువులు 24 లక్షలకు పైబడిరి. అంతవరకు ఊరి వెలుపల చెదరియున్నవారు ఒక్క కాగితముపై, తాము కోరుకొన్న పేరుతో, ఒక సమూహముగా కనబడిరి.

అన్యదేశముల చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. ఆంగ్లదేశమున బానిస వ్యాపారమును మాన్పుటకు 1787లో లండనునందు 12 మంది సంఘముగా నేర్పడిరి. వారు ఊరూర తిరిగి సత్యమును ప్రకటించిరి. ఐదేండ్లకు, అనగా 1792లో, పార్లమెంటునకు 519 అర్జీలు చేరెను. అయినను శాసనము వచ్చినది 1807లోనే. సంఖ్య తలుపు తట్టగలదు గాని వెంటనే తెరువజాలదు.

మరియొక హెచ్చరికయు కలదు. సంఖ్య రెండంచుల కత్తి. అదే లెక్కను ఒకడు హక్కునకును, వేరొకడు అధికారమునకును వాడుకొనవచ్చును. జనుని మనస్సు మారక పేరు మాత్రము పట్టికకెక్కినచో, ఆ లెక్క ఎవరి చేతికి చిక్కిన వారి సొత్తగును. వర్మగారి ఉద్యమమున 1931 నాటి లెక్కకు ముందు పాతికేండ్ల హరికథయు, బడియు నుండెను. అందుచేతనే వారు 1939లో గతించినను వారు నాటిన ఆత్మగౌరవము గతింపలేదు.

ఇదే నగరమున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసి, తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు నాంది పలికెను. గ్రంథాలయమునకును పై నీతియే వర్తించును. చందాదారుల పట్టిక పెరుగుట సంతోషకరమే. కాని చదువరి తాను చదివినది చదువురాని పొరుగువానికి వినిపించిననాడే ఆ సంఖ్యకు ప్రాణము వచ్చును.