పెరటి పాదుల చరిత్ర

చరిత్రయనగా రాజుల జయాపజయములు, కోటల ముట్టడులు మాత్రమే యని తలంచువారు మనలో పెక్కుమంది కలరు. కాని మన పెరటియందలి మిరపమొక్కకు సైతము చరిత్ర కలదు. అది యే రాజవంశపు చరిత్రకును తీసిపోవునది కాదు.

1492వ సంవత్సరమున కొలంబసు అట్లాంటిక్ సముద్రమును దాటునాటికి మిరప అమెరికా ఖండములయందు మాత్రమే పండుచుండెను. 1498లో వాస్కోడిగామా కాలికట్టు తీరమును చేరెను. 1510లో బుడతకీచులు గోవాను వశపరచుకొనిరి. వారి యోడలవెంటనే మిరప మన దేశమునకు వచ్చెనని చరిత్రకారుల యభిప్రాయము. అంతకుముందు మన వంటకములకు కారమిచ్చినవి మిరియములు, పిప్పళ్లు, అల్లము, ఆవాలు. మనవారు క్రొత్త కాయకు మిరియపు పేరే తగిలించి దానిని ఇంటిదానినిగా చేసికొనిరి.

ఇందుకు సాక్ష్యమును శాసనములలో వెదకనక్కరలేదు. మన వంటయింటిలోనే యున్నది. నేటికిని పెక్కు గృహములయందు ఆబ్దికమునాడు మిరపకాయను ముట్టరు, మిరియములనే వాడుదురు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజి ఆనాడు పనికిరావు. అరటికాయ, కాకరకాయ, పెసరపప్పు పనికివచ్చును. మిరప రాకమునుపటి వంట జ్ఞాపకము ఆ యొక్కనాటి విస్తరిలో మిగిలియున్నది. తక్కిన దినములన్నిటను మనము నవీనులమే. క్రొత్తదంతయు అనాచారమని గర్జించు పెద్దలు, ఆవకాయ యన్నము కలుపుకొనుచునే గదా యామాట పలుకుచున్నారు!

ఆంధ్రశాకమని మనము మురిసిపోవు గోంగూర మాత్రము ఎక్కడిది? దాని పుట్టినిల్లు ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కొత్తిమీర మధ్యధరా సముద్ర ప్రాంతములనుండి వచ్చినది. బచ్చలి, వంగ, కరివేపలు మన వైపువి. ఇన్ని దేశముల మొక్కలు ఒక్క నూతిగట్టు ప్రక్కన కలసి పెరిగినవి. వానిని పెంచినవారెవరు? విత్తనములను బూడిదలో కలిపి పురుగుపట్టకుండ దాచినవారు, బియ్యము కడిగిన నీళ్లు బచ్చలిపాదునకు మళ్లించినవారు మన యిండ్ల స్త్రీలు. వారి పేరు ఏ తామ్రపత్రమునందును లేదు. వారి విద్యను విద్యయనియు మన మెన్నడు నెంచలేదు.

ఆ విద్య క్షీణించుటవలని నష్టము స్వల్పము కాదు. ఆకుకూరలయందలి పసుపుపచ్చని పదార్థము దేహమున విటమిను ఏగా మారును. అది కొరవడిన పసిబిడ్డలకు మొదట రేచీకటి, ముదిరినచో శాశ్వతమైన అంధత్వము కలుగును. 1918లో కూనూరునందు మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలవారి కృషి ఆధారముగా, 1970లో బిడ్డలకు విటమిను ఏ ద్రావణమిచ్చు పథకము దేశమున ప్రారంభమయ్యెను. ఆ మందు మంచిదే. కాని ఆ గుణముగల తోటకూర గోడప్రక్కన మూరెడు నేలలో మొలచునది.

కావున క్రొత్తగా మొదలిడు గృహిణులును, గృహస్థులును సులభమైనవానితో ప్రారంభింపవలెను. మెంతులు నాలుగైదు దినములలో మొలకెత్తును. ధనియములను రెండు బద్దలగునట్లు నలిపి చల్లినచో పదిదినములలో మొలచును. తోటకూర నెలనాళ్లలో కోతకు వచ్చును. బచ్చలికి విత్తనమే యక్కరలేదు. ముదురు తీగముక్కను తడినేలలో గ్రుచ్చిన చాలును. మిరపనారును ముప్పది నలువది దినములు పెంచి పిమ్మట నాటవలెను. పెరడు లేనివారికి అడుగున రంధ్రముగల కుండ చాలును. నీరు నిలువరాదు, ఎండ తగులవలెను. మొదటిసారి మొలకలు చచ్చినచో అధైర్యపడనక్కరలేదు. తఱచుగ అది నీరెక్కువయగుటవలననే.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మఱియొకటి కలదు. మీ యింట వృద్ధురాలు, మామ్మయో అమ్మమ్మయో, యున్నచో ఆమె ప్రక్కన కూర్చుండి, ఏ గింజ నే కార్తెలో వేయుదురో, ఏ కాయను విత్తనమునకు విడుతురో అడిగి వ్రాసికొనుడు. రాజుల చరిత్ర వ్రాయుటకు శిలలున్నవి. ఈ చరిత్రకు ఆమె నోరొక్కటే యాధారము.