పట్టికల్లో దొరకని ఆడవాళ్ళు

మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఏ ఆడపిల్లయినా గొంతు పెంచితే ఒకటే బెదిరింపు. "పిచ్చాసుపత్రికి పంపించేస్తారు, జాగ్రత్త!" అది ఉత్త బెదిరింపు కాదనీ, అమ్మమ్మ చిన్నత్తని 1930ల్లో నిజంగానే పంపారనీ నా పీహెచ్‌డీ పూర్తయ్యాకే తెలిసింది. ఏ ఊరికో ఎవరూ చెప్పరు. ఆవిడ పేరు కూడా ఎత్తరు.

ఆవిడ ఆచూకీ కోసమే మద్రాసు ప్రెసిడెన్సీ పిచ్చాసుపత్రుల వార్షిక నివేదికలు చదవడం మొదలుపెట్టాను. మద్రాసు, వాల్తేరు, కాలికట్ ఆసుపత్రుల లెక్కలవి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఇలాంటి వలస పాలన నాటి నివేదికలను డిజిటైజ్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. ఎంతమంది చేరారు, ఎంతమంది చనిపోయారు, ఏ మతం, ఏ వృత్తి, తిండికి ఎంత ఖర్చయింది, రోగుల చాకిరీవల్ల ఎంత రాబడి వచ్చింది... అన్నీ ఉన్నాయి. మనుషులే లేరు.

ప్రతి పట్టికలోనూ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు బాగా తక్కువ. మొదట్లో, పోనీలే, ఈ గోడలమధ్యకి ఎక్కువమంది రాలేదని ఊపిరి పీల్చుకున్నాను. అది ఎంత అమాయకత్వమో తర్వాత అర్థమైంది. 1858 చట్టం ప్రకారం, వీధుల్లో తిరిగే 'పిచ్చివాళ్ళని' పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. వీధిలోకే రానివ్వని ఆడవాళ్ళు ఆ లెక్కకెలా ఎక్కుతారు? వాళ్ళకి పెరటి కొట్టుగది ఉంది, భూతవైద్యుడి వేపమండలున్నాయి. వాటికి వార్షిక నివేదికలు లేవు.

1912 చట్టం కుటుంబాలకి ఇంకో దారి చూపింది. భర్తగానీ భార్యగానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇద్దరు డాక్టర్ల ధ్రువపత్రాలుండాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వివ్వాలి. కాగితంమీద ఆలుమగలిద్దరూ సమానమే. కానీ కచేరీ మెట్లెక్కే చనువు, డాక్టరుకిచ్చే డబ్బు, దరఖాస్తు రాసే చదువు ఎవరి చేతిలో ఉన్నాయి? పిచ్చి ఎవరిదో తేల్చే ముందు, మాట ఎవరిదో తేలిపోయింది. ఆ చట్టం 1993 దాకా మనల్ని ఏలింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి తన వైద్య రికార్డుల్ని చూసుకునే హక్కునీ, వాటిని గోప్యంగా ఉంచుకునే హక్కునీ ఇచ్చింది. చిన్నత్తకి ఆ రెండూ లేవు. ఆవిడ మీద ఏం రాశారో ఆవిడకెవరూ చదివి వినిపించి ఉండరు.

చివరికి మా అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి ఆ పేరు చెప్పింది. "రాయకే" అని కూడా అంది. ఇక్కడ రాయడంలేదు. కుటుంబం పరువు కోసం కాదు, ఆవిడ అనుమతి అడిగే వీలు నాకు లేదు కాబట్టి. కానీ ఆ పేరుని మళ్ళీ కొట్టుగదిలో పెట్టి గడియ వెయ్యలేను. నిన్న రాత్రి మా అమ్మాయికి చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల, పైకి రెండుసార్లు పలికి చూసుకుంది.