పల్లెబాణీతో ప్రకటన పాట

ఇంట్లో వాడుకునే సబ్బు, జిగురు, రంగు, పళ్లపొడి వంటి వస్తువుల అమ్మకానికి జానపద బాణీని ఆధునిక వాద్యాలతో కలిపి, నవ్వు పుట్టించే పాటగా మలచడం భారతీయ ప్రకటనలలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆకాశవాణి వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరు 1న ప్రారంభమైనాయి. దూరదర్శన్‌లో అవి 1976 జనవరి 1న మొదలైనాయి. కొద్ది క్షణాలలో ముగిసే ప్రకటనకు, ఒక్కసారి వినగానే నోటికి వచ్చే పాట కావాలి. చిన్న చరణం, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, వెంట పాడేందుకు వీలైన వంత గల పల్లెపదాలకు ఆ గుణం పుట్టుకతోనే ఉన్నది.

సోఫా చెప్పిన కథ

ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ ఫెవికాల్ ప్రకటన. పిడిలైట్ సంస్థ తయారుచేసే ఈ జిగురు 1959లో పుట్టినది. అరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2019లో ఒగిల్వీ సంస్థ రూపొందించిన హిందీ ప్రకటనలో కథ అంతా ఒక సోఫాదే. కొత్తకోడలితో పాటు ఒక ఇంట అడుగుపెట్టిన ఆ సోఫా, కాలం గడిచేకొద్దీ శర్మగారి ఇంటి నుండి మిశ్రాగారి ఇంటికి, ఆపైన కలెక్టరుగారి ఇంటికి, ఒక బెంగాలీ కుటుంబానికి చేరుతుంది. పైగుడ్డ మారుతుంది, ఇల్లాలు మారుతుంది, చెక్క మాత్రం వీడదు.

ఇందులోని హాస్యానికి ఆధారం జానపద గేయ నిర్మాణమే. ఒకే బాణీలో ఒక్కొక్క పేరు చేరుతూ పోతుంటే, తరువాత ఎవరి వంతు అన్న కుతూహలం శ్రోతకు కలుగుతుంది. కథలో మారనిది అతుకు, పాటలో మారనిది బాణీ. అందువలన జిగురు గట్టిదని ప్రత్యేకించి చెప్పవలసిన పని లేకుండా పోయినది.

ఫెవికాల్ ప్రకటనలకు పేరు తెచ్చిన పీయూష్ పాండే జైపూరులో పుట్టి, 1982లో ఒగిల్వీలో చేరి, 2025 అక్టోబరులో మరణించారు. సోఫా ప్రకటనకు దర్శకుడు ఆయన తమ్ముడు ప్రసూన్ పాండే. రాజస్థానీ జానపద బాణీలకు పాప్ వాద్యాలు చేర్చి 1990ల దశకంలో పేరు పొందిన గాయని ఇలా అరుణ్ వీరి సోదరి. ఇదే జిగురుకు అంతకు ముందు వచ్చిన మరొక ప్రకటనలో, బరువు లాగే కూలీల ‘హైషా’ అనే కేక వినిపిస్తుంది. తెలుగు జాలరులు వల లాగేటప్పుడు అనే ‘హైలెస్సా’ వంటిదే అది. శ్రమ నుండి పుట్టిన పదం నవ్వుకు సాధనమైనది.

భాష మారినప్పుడు

హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఒకే ప్రకటనను రెండు మూడు భాషలలో వినడం పరిపాటి. హిందీ మాటలు ఎక్కువగా హల్లుతో ఆగుతాయి. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. కనుక హిందీ బాణీలో తెలుగు మాటలు పొదిగినప్పుడు ఒక అక్షరం మిగిలిపోవడమో, దీర్ఘం కుదించుకుపోవడమో జరుగుతుంది. సోఫా పాటలో శర్మగారి భార్య ‘శర్మాయిన్’, మిశ్రాగారి భార్య ‘మిశ్రాయిన్’. ఆ ప్రత్యయంలోని చమత్కారం ‘శర్మగారి భార్య’ అనగానే జారిపోతుంది. తెలుగులో అయితే ‘కరణంగారమ్మ’, ‘మేష్టారమ్మ’ వంటి పిలుపులతో కొత్తగా కట్టుకోవాలి. అనువాదం చాలదు.

దీనికి భిన్నంగా 2002 నాటి ఫెవికాల్ బస్సు ప్రకటనకు అనువాదమే అక్కరలేకపోయినది. కిక్కిరిసిన బస్సు ఎడారి దారిలో ఎగిరెగిరి పడుతున్నా, పైనా పక్కలా అతుక్కున్న జనంలో ఒక్కరూ జారిపడరు. సంభాషణ లేకుండానే నవ్వు అందరికీ చేరినది.

తెలుగువారి హాస్యపు వంత

జనానికి సంగతి చెప్పేందుకు పాటనూ నవ్వునూ కలపడం తెలుగువారికి కొత్త కాదు. బుర్రకథలో తంబురా పట్టిన కథకునికి ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు లోకవ్యవహారాలు ప్రస్తావిస్తారు. 1940ల దశకంలో ఈ కళ రాజకీయ ప్రచారానికి, తరువాత కుటుంబ నియంత్రణ వంటి ప్రభుత్వ ప్రచారాలకు ఉపయోగపడినది. బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించినది.

బాణీ ఎవరిది?

నవ్వు వెనుక ఒక చిక్కు ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత హక్కు ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు నిలుస్తుంది. కానీ జానపద బాణీకి కర్త ఎవరో తెలియదు. దానికి ఆ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. ఎవరైనా తీసుకొని కొత్త వాద్యాలతో కూర్చవచ్చు. ఆ కూర్పుపై మాత్రం కూర్చినవారికి హక్కు ఏర్పడుతుంది. అయితే పాడినవారికి తమ గానంపై 50 ఏళ్ల హక్కు ఉన్నది. ఆ గానాన్ని వాణిజ్యానికి వాడినప్పుడు రాయల్టీ పొందే వీలును 2012 సవరణ కల్పించినది.

ఒకప్పుడు తిరగలి, రోకలి ఉన్న ప్రతి ఇంటా వాటి పాటలు ఉండేవి. మిక్సీ వచ్చిన తరువాత పనితో పాటు పాటా తగ్గినది. సరిహద్దు గ్రామాలలో ఆ పాటలు ఇప్పుడు ముఖ్యంగా వృద్ధస్త్రీల నోటనే మిగిలి ఉన్నాయి. వారి చేత పాడించి ఫోనులో భద్రపరచి, పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఏ పనికి పాడేవారో రాసిపెట్టడం ప్రతి ఇంటికీ సాధ్యమైన పని. రేపు అదే బాణీ ఏ ప్రకటనలోనైనా వినిపించినప్పుడు, అది తమ అవ్వ పాడిన పాటేనని పిల్లలు గుర్తుపట్టగలుగుతారు.