సాగునేలకు సరిహద్దు: బ్రిటిష్ కొలంబియా వ్యవసాయ భూముల రిజర్వు

కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు విస్తీర్ణంలో రెండు తెలుగు రాష్ట్రాలు కలిసినదానికి మూడింతలకు పైగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కొండలు, అడవులే. సేద్యానికి పనికొచ్చే నేల నూటికి ఐదు పాళ్లు మాత్రమే. ఆ కాస్తలోనూ మేలైన నేల ఫ్రేజర్ నది ఒండ్రు మేటవేసిన దక్షిణపు లోయలోనూ, పండ్లతోటలకు పేరొందిన ఒకనాగన్ లోయలోనూ, వాంకూవర్ దీవి తూర్పు అంచునా ఉంది. జనాభా కూడా అక్కడే కిక్కిరిసి ఉంది. ఇళ్లకు, ఫ్యాక్టరీలకు, రోడ్లకు కావలసిన చదును నేల, పంటకు కావలసిన నేల ఒక్కటే కావడంతో వాంకూవర్ నగరం పెరిగినకొద్దీ పొలాలు తరిగాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రిచ్‌మండ్, డెల్టా, సర్రీ, లాంగ్లీ మునిసిపాలిటీల్లో లేఅవుట్లు వేగంగా వెలిశాయి. ఏ భూమిని దేనికి వాడాలో తేల్చే అధికారం అప్పట్లో స్థానిక కౌన్సిళ్లదే. కౌన్సిల్ ఖజానాకు ముఖ్యమైన ఆదాయం ఆస్తిపన్ను. పొలం మీద వచ్చే పన్ను స్వల్పం, అదే నేలలో ఇళ్లు లేస్తే వచ్చేది ఎన్నో రెట్లు. ఒక కౌన్సిల్ కాదన్న అర్జీని ఎన్నికల తర్వాత వచ్చిన కౌన్సిల్ ఔననవచ్చు. దిగువ ఫ్రేజర్ లోయకంతటికీ కలిపి 1966లో ప్రాంతీయ ప్రణాళిక తయారైనా, భూముల అమ్మకాల ఒత్తిడికి అది ఆనకట్ట కాలేకపోయింది. 1970ల మొదట్లో ప్రావిన్సు మొత్తం మీద ఏటా దాదాపు 6,000 హెక్టార్ల మంచి సాగుభూమి, అంటే సుమారు 15,000 ఎకరాలు, చేజారుతున్నట్టు అంచనా.

1972 ఆగస్టు ఎన్నికల్లో డేవ్ బారెట్ నాయకత్వాన న్యూ డెమోక్రటిక్ పార్టీ ఆ ప్రావిన్సులో తొలిసారి అధికారంలోకి వచ్చింది. సాగుభూమి రక్షణ ఆ పార్టీ ఇచ్చిన హామీల్లో ఒకటి. చట్టం వస్తోందన్న వార్త పొక్కగానే భూస్వాములు, బిల్డర్లు కౌన్సిళ్ల ముందు అర్జీలు పోగేయడం మొదలుపెట్టారు. దాంతో ప్రభుత్వం శాసనసభ దాకా ఆగకుండా 1972 డిసెంబరు 21న మంత్రివర్గ ఉత్తర్వుతో సాగుభూముల విభజనను, ఇతర అవసరాలకు మార్పిడిని నిలిపేసింది.

ఆ తర్వాత వ్యవసాయ మంత్రి డేవ్ స్టుపిచ్ తెచ్చిన భూమి కమిషన్ బిల్లు పెద్ద దుమారం రేపింది. రైతుకు పొలమే పింఛను, ముసలితనంలో మంచి ధరకు అమ్ముకునే హక్కును ప్రభుత్వం లాక్కుంటోందన్నది ప్రధాన అభ్యంతరం. భూమి స్వాధీనం కావడం లేదు కనుక పరిహారం రాదని చట్టం తేల్చేయడం ఆ కోపాన్ని మరింత పెంచింది. విక్టోరియాలోని శాసనసభ భవనం ముందు పెద్దయెత్తున నిరసనలు జరిగాయి. ప్రభుత్వం బిల్లులో కొన్ని సవరణలు చేసింది, అసలు సూత్రాన్ని మాత్రం వదల్లేదు. 1973 ఏప్రిల్ 18న చట్టం అమల్లోకి వచ్చి, సాగునేలకు రిజర్వును, దాన్ని కాపాడే స్వతంత్ర కమిషన్‌ను ఏర్పరచింది. భూమి నిలిచినా రైతు నిలవకపోతే ప్రయోజనం లేదన్న వాదనను అంగీకరించి, పంట ధర సాగుఖర్చు కంటే పడిపోయినప్పుడు ఆదుకునే ఆదాయ భరోసా చట్టాన్ని కూడా ప్రభుత్వం అదే ఏడాది తెచ్చింది.

రిజర్వు హద్దులు గీయడానికి ఆధారమైనది నేల స్వభావం. 1960లలో మొదలైన జాతీయ భూమి సర్వే నేలలను ఏడు తరగతులుగా విడదీసింది. ఏ పంటకైనా అనువైన నేల మొదటి తరగతి, సేద్యానికి అసలు పనికిరానిది ఏడో తరగతి. మట్టి లోతు, వాలు, రాళ్లు, నీరు ఇంకే తీరు, వాతావరణం చూసి తరగతి నిర్ణయిస్తారు. ముఖ్యంగా మొదటి నాలుగు తరగతుల నేలలను తీసుకుని ప్రాంతీయ జిల్లాల పాలకమండళ్లు ముసాయిదా పటాలు తయారుచేశాయి. బహిరంగ విచారణలు జరిపి, అభ్యంతరాలు విని, కమిషన్‌కు పంపాయి. 1974 నుంచి 1976 దాకా సాగిన ఈ పనిలో దాదాపు 47 లక్షల హెక్టార్లు రిజర్వులో చేరాయి. ఉత్తర్వు వెలువడిన 1972 డిసెంబరు 21 నాటికి వేరే పత్రంతో ఉన్న రెండెకరాల లోపు స్థలాలకు మినహాయింపు దొరికింది. ఆ తేదీ నేటికీ చట్టంలో అలాగే ఉంది.

ఈ పద్ధతి ప్రత్యేకత తెలుగు రాష్ట్రాల అనుభవంతో పోల్చితే తేటపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో చేసిన భూ వినియోగ మార్పిడి చట్టం, జనం నోట ‘నాలా’గా స్థిరపడినది, ప్రధానంగా రుసుము మీద నడిచింది. నిర్ణీత మొత్తం కట్టి అనుమతి పొందితే పొలం వ్యవసాయేతర భూమి అయ్యేది. బ్రిటిష్ కొలంబియా చట్టంలో ఎంత కడతారన్న ప్రశ్నకు తావులేదు. ఆ నేల పంటకు పనికొస్తుందా లేదా అన్నదే కమిషన్ చూడాలి. అర్జీ ముందు స్థానిక కౌన్సిల్‌కు వెళ్తుంది. వ్యవసాయ జోన్‌లో ఉన్న భూమి అయితే కౌన్సిల్ తీర్మానం లేనిదే కమిషన్ దాకా పోదు. పోయినా చివరి మాట కమిషన్‌ది. అంటే పొలాన్ని తీసేయాలంటే రెండు తలుపులు దాటాలి.

1975 చివర్లో బారెట్ ప్రభుత్వం ఓడిపోయింది. గెలిచిన సోషల్ క్రెడిట్ పార్టీ ప్రతిపక్షంలో ఉండగా ఈ చట్టాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. అయినా అప్పటికి రిజర్వుకు ప్రజల మద్దతు బలపడటంతో రద్దు చేయలేకపోయింది. బదులుగా మూడో తలుపు తెరిచింది. 1977 సవరణలతో కమిషన్ కాదన్నవారు మంత్రివర్గ సంఘానికి అప్పీలు చేసుకునే దారి ఏర్పడింది. లాంగ్లీలోని గ్లౌసెస్టర్ భూములు, 600 ఎకరాలకు పైగా, అలాగే రిజర్వు నుంచి బయటపడి తర్వాత పారిశ్రామికవాడ అయ్యాయి. డెల్టాలోని స్పెటిఫోర్ పొలాన్ని మంత్రివర్గం 1981లో తొలగించింది. అయితే అక్కడ కథ అంతటితో ముగియలేదు. ఇళ్ల ప్రతిపాదన 1989లో డెల్టా కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు వందలాది మంది స్థానికులు మాట్లాడేందుకు వచ్చారు. వారాల తరబడి సాగిన ఆ విచారణ చివర కౌన్సిల్ ప్రతిపాదనను తోసిపుచ్చింది. 2014లో కొంత భాగంలో ఇళ్లకు అనుమతి దొరికేసరికి, దాదాపు 80 శాతం భూమి మునిసిపాలిటీకి దక్కేలా ఒప్పందం కుదిరింది. పై ప్రభుత్వం వదిలేసిన పొలాన్ని పాతికేళ్లు కాపాడింది ఊరి జనమే.

రిజర్వు హద్దు చెక్కుచెదరకుండానే లోపలి నేల పాడయ్యే దారులూ ఉన్నాయి. 1988లో గోల్ఫ్ మైదానాలను రిజర్వులో అనుమతించిన ఉత్తర్వు వెంట అర్జీలు వెల్లువెత్తాయి. 1991లో మళ్లీ అధికారంలోకి వచ్చిన న్యూ డెమోక్రటిక్ పార్టీ ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. మంత్రివర్గానికి అప్పీళ్ల పద్ధతి కూడా 1993లో రద్దయింది. అయినా ‘ప్రావిన్సు ప్రయోజనం’ పేరుతో 1998లో కామ్‌లూప్స్ దగ్గరి సిక్స్ మైల్ రాంచ్ భూమిలో విహార కేంద్రానికి, కమిషన్ నిర్ణయాన్ని కాదని, ప్రభుత్వం దారిచ్చింది. ఈసారి ఆ పని చేసింది చట్టాన్ని తెచ్చిన పార్టీయే.

రిజర్వు మొత్తం విస్తీర్ణం నేటికీ 46 లక్షల హెక్టార్ల పైచిలుకే. ఈ అంకె ఒక నష్టాన్ని దాచిపెడుతుంది. దక్షిణాన పోయిన హెక్టార్లకు బదులు చేరినవి ఎక్కువగా ఉత్తరాదివి. అక్కడ వేసవి చిన్నది, పండే పంటలు తక్కువ. ఫ్రేజర్ లోయలో పంజాబీ కుటుంబాలు పండించే బ్లూబెర్రీలు ఆ చలి నేలల్లో అదే దిగుబడి ఇవ్వవు. ఉత్తరాన అరుదుగా ఉన్న మంచి నేలకూ రక్షణ పూర్తిగా దక్కలేదు. పీస్ నది లోయలో సైట్ సి ఆనకట్ట కింద మునిగే భూములను ప్రభుత్వమే రిజర్వు నుంచి తప్పించింది.

2010ల నాటి సమస్య పొలాల్లో లేచిన భవంతులు. వాంకూవర్‌లో ఇంటి స్థలాల ధర ఆకాశాన్నంటడంతో, చవకగా దొరికే పొలం కొని అందులో భారీ ఇల్లు కట్టుకోవడం లాభసాటి అయింది. చట్టం ప్రకారం అది రైతు ఇల్లే. నిజానికి కొన్నిచోట్ల చుట్టూ పైరు నామమాత్రం. ఇలాంటి పొలాన్ని ఆ ధరకు సేద్యపు ఆదాయంతో కొనగల యువరైతు ఉండడు. నగర భూమిలో దాదాపు 39 శాతం రిజర్వులో ఉన్న రిచ్‌మండ్‌లో ఈ వివాదం ముదిరింది. 2017లో కౌన్సిల్ పెద్ద కమతాల్లో వెయ్యి చదరపు మీటర్ల దాకా ఇల్లు కట్టనిచ్చింది. 2018 ఎన్నికల తర్వాత కొత్త కౌన్సిల్ దాన్ని 400 చదరపు మీటర్లకు, అంటే సుమారు 4,300 చదరపు అడుగులకు, కుదించింది. ప్రావిన్సు కూడా 2019 ఫిబ్రవరి నుంచి ముఖ్య గృహానికి 500 చదరపు మీటర్ల పరిమితి పెట్టింది. నగరంలో పునాదులు తవ్విన మట్టిని, శిథిలాలను పొలాల్లో పోయడంపై నిబంధనలు బిగించింది. 2014లో రిజర్వును రెండు జోన్లుగా చీల్చి ఒకదానికి రక్షణ సడలించిన సవరణనూ ఎత్తేసింది. 2020 సెప్టెంబరు 30 నుంచి రిజర్వులోంచి భూమిని తొలగించమని యజమాని నేరుగా అర్జీ పెట్టే వీలు లేదు. స్థానిక ప్రభుత్వం, ఆదివాసీ ప్రభుత్వం, ప్రావిన్సు వంటివే పెట్టగలవు.

ఈ చట్టం ఇతర ప్రావిన్సులకూ దారి చూపింది. క్యుబెక్‌లో వ్యవసాయ మంత్రి జాన్ గరాన్ చొరవతో 1978 డిసెంబరులో ఇలాంటి చట్టమే వచ్చింది. అక్కడి వ్యవసాయ జోన్ దాదాపు 63 లక్షల హెక్టార్లు. ఒంటారియో 2005లో టొరంటో చుట్టూ సుమారు 18 లక్షల ఎకరాల గ్రీన్‌బెల్ట్‌ను ఏర్పరచింది. 2022లో డగ్ ఫోర్డ్ ప్రభుత్వం అందులోంచి 7,400 ఎకరాలను ఇళ్ల కోసం తీసేసింది. ఆ మార్పుతో భూముల విలువ 830 కోట్ల డాలర్లకు పైగా పెరగవచ్చని, ఎంపిక కొందరు బిల్డర్లకు అనుకూలంగా జరిగిందని 2023 ఆగస్టులో ఆడిటర్ జనరల్ నివేదిక బయటపెట్టింది. ప్రజాగ్రహం మధ్య గృహనిర్మాణ మంత్రి రాజీనామా చేశారు. సెప్టెంబరులో ప్రభుత్వం నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది.

ఈ యాభై ఏళ్ల చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: పొలాన్ని పొలం కాకుండా చేసే చివరి మాట ఎవరిది? కౌన్సిల్ ఒక్కదాని చేతిలో ఉన్నప్పుడు పన్ను ఆశ గెలిచింది, మంత్రివర్గం చేతికి వచ్చినప్పుడు పలుకుబడి గెలిచింది. నేల తరగతిని చూసి తీర్పు చెప్పే స్వతంత్ర కమిషన్, దాని కింద జాగ్రత్తపడే కౌన్సిల్, రెండింటినీ నిలదీసే పౌరులు కలిసినప్పుడు సాగునేల గట్టిగా నిలిచింది. ఒండ్రు నేల మీద ఒకసారి కాంక్రీటు పడితే ఏ చట్టమూ దాన్ని మళ్లీ పొలం చేయలేదు. అందుకే ఈ విషయంలో ముందుజాగ్రత్తకు మించిన రక్షణ లేదు.