చీమల పుట్టలో పెరిగిన సీతాకోకచిలుక

పచ్చిక బయళ్ళలో నివసించు సీతాకోకచిలుకలలో 'పెద్దనీలి' ఒకటి. 1758లో లిన్నేయస్ దీనిని వర్ణించెను. నేటి శాస్త్రీయ నామము ఫెంగారిస్ ఏరియన్. రెక్కల పైభాగము నీలముగా నుండును. ముందురెక్కలపై నల్లని మచ్చలు వంపుగా అమరియుండును. ఇతర నీలి జాతులనుండి దీనిని వేరుచేయు ముఖ్యమైన గుర్తు ఈ మచ్చలే.

గుర్తించుట సులభమే కాని, ఇంగ్లండులోని ప్రకృతి శాస్త్రజ్ఞులకు దీని జీవితచరిత్ర చిరకాలము అంతుపట్టలేదు. తులసి కుటుంబమునకు చెందిన థైమ్ అను చిన్న మొక్క మొగ్గలపై తల్లి గ్రుడ్లు పెట్టును. గొంగళిపురుగు రెండు మూడు వారములు ఆ పూలను తిని, మూడవసారి కుబుసము విడిచిన పిమ్మట వాటిని ముట్టదు. పెంచువారి చేతిలో అక్కడనే మరణించుచుండెను. మరి దానికి కావలసిన ఆహారమేది?

1915 ప్రాంతమున చాప్‌మన్, ఫ్రోహాక్, ప్యూర్‌ఫాయ్ అను మువ్వురు ఈ ముడిని విప్పిరి. పురుగు నేలపైకి జారి, తియ్యని ద్రవమును స్రవించును. చీమ దానిని తన పుట్టలోనికి మోసికొనిపోవును. అతిథిగా వచ్చిన పురుగు అచట చీమల పిల్లలనే తినుచు సుమారు పది మాసములు గడపి, ప్యూపాగా మారును. వేసవిలో సీతాకోకచిలుక వెలువడి, నేలపైకి ప్రాకివచ్చి రెక్కలు విప్పును.

ఇంత తెలిసినను ఈ జాతి తగ్గుచునే యుండెను. సేకరించువారే కారణమని తలచి కొన్నిచోట్ల కంచెలు కట్టిరి. పశువులు మేయక గడ్డి ఎదిగెను. సీతాకోకచిలుకలు మరింత తగ్గెను. 1953లో మిక్సొమాటోసిస్ అను వ్యాధి ఇంగ్లండునకు వచ్చి కుందేళ్ళను తుడిచిపెట్టుటతో గడ్డి మరింత ఏపుగా పెరిగెను.

1970 దశకమున జెరెమీ థామస్ అసలు కారణమును కనుగొనెను. పురుగు ఏ చీమ పుట్టలోనైనను బాగుగా బ్రతుకజాలదు. అచట దానికి అనువైన ఆతిథేయి మిర్మికా సబులెటి అను ఒక జాతియే. ఆ చీమకు వెచ్చని నేల కావలెను. గడ్డి పొట్టిగా నున్నప్పుడే సూర్యరశ్మి నేలను తాకి వేడిచేయును. గడ్డి ఎదిగిన నేల చల్లబడును. ఆ చీమ తొలగిపోవును. థైమ్ ఉన్నను సీతాకోకచిలుక నిలువదు.

ఈ సంగతి తేలునప్పటికే ఆలస్యమయ్యెను. 1979లో పెద్దనీలి బ్రిటనులో అంతరించెను. పిమ్మట పశువులను మేపి పచ్చికను తగినట్లు సరిచేసి, 1983 నుండి స్వీడన్ దేశపు పురుగులను తెచ్చి విడిచిరి. నైరుతి ఇంగ్లండులో ఈ జాతి మరల స్థిరపడెను.

మన ప్రాంతములందును కొన్ని నీలి సీతాకోకచిలుకల గొంగళిపురుగులచుట్టు చీమలు చేరియుండును. విద్యార్థులు వాటిని చూచినప్పుడు రెక్కల రంగుతోపాటు మొక్కను, చీమను, గడ్డి ఎత్తును కూడ వ్రాసికొనవలెను. పెద్దనీలిని తిరిగి నిలిపినది అట్టి పరిశీలనయే.