తలారి కేక నుండి విద్యుత్తు గంట వరకు

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల మీదుగా రాత్రివేళ ప్రయాణం చేసేవారికి మిరప కళ్లాల ప్రక్కన చిన్న చిన్న దీపాలు కనిపిస్తాయి. దీపం దగ్గర ఒక నులకమంచం, దాని మీద ఒక మనిషి, మంచం క్రింద ఒక కుక్క. కాయ ఎండి, తాలుకాయలు ఏరి, బస్తాలకెత్తి, యార్డుకో శీతల గిడ్డంగికో చేర్చేవరకు ఆ రైతు ఇంటిలో పడుకోడు. పత్తి సంగతి వేరు. ధర కోసం ఎదురుచూచే రైతు పత్తిని ఇంటిలోనే ఒక గదిలో నేల నుండి కప్పు దాకా కూరి తాళం వేస్తాడు. మిరపకు మనిషి కాపలా, పత్తికి తాళం కాపలా. ఈ రెంటిలో ఏది మేలు అనే ప్రశ్న చాలా పాతది.

ఈనాడు ఆ ప్రశ్న క్రొత్త రూపంలో వచ్చినది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా, పెద్దలు వారి వద్దకు వెళ్లినప్పుడు నెలల తరబడి తాళం వేసి ఉండే ఇండ్లు మన పట్టణాలలోనే కాదు, పల్లెలలో కూడ వీధివీధినా ఉన్నవి. అట్టి ఇండ్లకు కొందరు అలారం యంత్రాలు అమర్చుకుంటున్నారు. ఆ యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియాలంటే అది ఎవరి స్థానంలోకి వచ్చినదో ముందుగా తెలుసుకోవాలి.

ఆ స్థానం తలారిది. పల్నాటిలోని నాగార్జునకొండ వద్ద లభించిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాలలో ‘మహాతలవర’ అనే బిరుదు కనిపిస్తుంది. అది క్రీస్తు శకం మూడవ శతాబ్దం నాటి మాట. శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీని వివాహమాడిన స్కందశ్రీ ఒక మహాతలవరుడు. ఆ తలవర శబ్దమే తలారి అయినదని పలువురు పండితుల అభిప్రాయం. రాజుగారి బావ ధరించిన బిరుదు చివరకు ఊరి చివర పూరింటిలో కర్ర పుచ్చుకొని కూర్చున్న మనిషికి మిగిలినది!

రాత్రివేళ శబ్దంతో ఊరిని కాపాడే పద్ధతి అంతకన్న పాతది. సూర్యాస్తమయం తరువాత ఆరు నాడికలు, అంటే మన లెక్కలో రెండు గంటల ఇరవైనాలుగు నిమిషాలు గడిచాక ఒకమారు, తెల్లవారడానికి అంతే సమయం ముందు మరొకమారు తూర్యం మ్రోగించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పినది. ఆ రెండు మ్రోతల నడుమ అకారణంగా వీధిలో తిరిగేవారు శిక్షార్హులు. రాజగృహంలో చిలుకలను, గోరువంకలను పెంచాలనీ, పామునో విషాన్నో పసిగట్టి అవి అరుస్తవనీ కూడ ఆ గ్రంథంలో ఉన్నది. గంట కంటె ముందు పిట్టయే కాపలా కాసినదన్న మాట.

తలారి జీతం కళ్లంలో వచ్చేది. ధాన్యం కొలిచేనాడు కమ్మరికి, వడ్రంగికి, చాకలికి ఇచ్చినట్లే అతనికీ మేర ఇచ్చేవారు. పాతకాలపు కావలి ఏర్పాటులో ఒక గట్టి షరతు ఉండేది. దొంగ దొరకకపోతే పోయిన సొత్తుకు కాపలాదారుడే పూచీ. అడుగుజాడ పట్టుకొని పొలిమేర దాకా పోయి, అవతలి ఊరి కాపలావానికి ఆ జాడ చూపించి అప్పగిస్తే, ఆ పూచీ అతని మీదకు పోయేది. ఈనాడు అలారం యంత్రాలు అమ్మే వర్తకులలో ఇటువంటి పూచీ పడేవారెవరో శ్రోతలే ఆలోచించుకోవచ్చు.

ఇండ్లలో కూడ ఇల్లాండ్రు తమ ఏర్పాట్లు తాము చేసుకొనేవారు. వీధి తలుపుకు గడియ, దాని మీద అడ్డగడ. పెరటి తలుపు వెనుక ఇత్తడి చెంబుల దొంతర. తలుపు కదిలితే చెంబులు దొర్లి ఇల్లంతా లేస్తుంది. కాని మట్టిగోడల కాలంలో తెలివిగల దొంగ తలుపు జోలికి పోడు. గోడకు కన్నం వేస్తాడు. దొంగతనానికి మన భాషలో ‘కన్నం’ అన్న మాట స్థిరపడడానికి ఇదే కారణం. ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు ఏ ఆకారంలో కన్నం త్రవ్వితే అందంగా ఉంటుందో విచారించుకొంటాడు గదా! సిమెంటు గోడలు వచ్చి ఆ కళను రూపుమాపినవి. దొంగ మళ్లీ తలుపునకూ కిటికీకీ వచ్చాడు. అందుచేతనే తలుపును, కిటికీని కనిపెట్టి ఉండే యంత్రానికి ఈనాడు పని దొరికినది.

కంపెనీవారి కాలంలో ఈ పాత ఏర్పాటు కదిలినది. 1802లో దారోగాలను నియమించారు; అది రాణించలేదు. 1816లో చేసిన పదకొండవ రెగ్యులేషను గ్రామరక్షణను మళ్లీ గ్రామ మునసబుకు అప్పగించినది. కరణం, తలారి అతనికి సహాయులు. 1859లో చెన్నరాష్ట్ర పోలీసు చట్టం వచ్చి యూనిఫారం ధరించిన కనిస్టేబులు వెలసినా, పల్లెలలో రాత్రి తిరిగి ‘పారా హుషార్’ అని కేక వేసే మనిషి తలారిగానే ఉండిపోయాడు. మునసబు పదవి వంశపారంపర్యంగా సాగినది. వంశాన్ని బట్టి పదవి ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పినది గుంటూరు జిల్లాలోని పెరవలిపాలెం మునసబు పదవిని గూర్చిన వ్యాజ్యంలోనే.

కాపలా కథలో చెప్పుకోవడానికి కష్టమైన ఘట్టం ఒకటున్నది. కాపలా కాసేవాడు ఎవరిని అనుమానించాలి? అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారిని గూర్చి ఈ ప్రాంతంలో ఒక జనశ్రుతి ఉన్నది. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిపించి నరికించాడనీ, అందువలన ఆ చోటు నరుకుళ్లపాడైనదనీ, ఆ పాపభీతి పీడించగా అమరేశ్వరుని సన్నిధిని చేరి దేవాలయాలకు విరివిగా ధనం వెచ్చించాడనీ చెప్పుకొంటారు. వేంకటాద్రినాయుడు 1816లో గతించాడు. ఆయన దానాలతోపాటు ఈ కథను కూడ జనం రెండు వందల ఏండ్లుగా మరువలేదు.

రాజు ఆవేశంలో చేశాడని చెప్పుకొన్న పనిని, తరువాతి ప్రభుత్వం కాగితం మీద నిదానంగా చేసినది. 1871లో ఉత్తరాదిని పుట్టిన నేరస్థజాతుల చట్టం 1911లో సవరణ పొంది చెన్నరాష్ట్రానికి వచ్చినది. ఎరుకలవారు అంతకు పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోనాడుకు, లోనాటి ధాన్యాన్ని కోస్తాకు చేరవేసి బ్రతికినవారు. ఉప్పు ప్రభుత్వపు గుత్త అయినది, రైలు వచ్చినది, ఆ వర్తకం పోయినది. బ్రతుకుతెరువు పోయినవారిని దేశదిమ్మరులన్నారు, దేశదిమ్మరులను దొంగలన్నారు. 1913 ప్రాంతంలో బాపట్ల సమీపాన వారి కోసం ఒక సెటిల్‌మెంటు ఏర్పడినది. గవర్నరు కార్యవర్గ సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అదే స్టూవర్టుపురం. అక్కడివారు చీరాల పొగాకు కంపెనీలో కూలి చేశారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. పిలిచిన వేళకు హాజరు పలకాలి. కాపలా అంటే దొంగ వచ్చినప్పుడు కేక వేయడం. ఇక్కడ బిడ్డ పుట్టగానే కేక వేశారు.

చెన్నరాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో తొలగించినది. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న రద్దయినది. చట్టం పోయినంత సులువుగా పేరు పోలేదు. 1970 దశకంలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడికి వెళ్లి సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. మరొక ప్రక్క 1991లో ఆ ఊరి పేరు శీర్షికలో గల ఒక చలనచిత్రం వచ్చినది. రైలు ఆ స్టేషనులో ఆగితే ఈనాటికీ పెట్టె వైపు చెయ్యి చాచే ప్రయాణికులున్నారు. ఆ చెయ్యి ఏ చట్టం నేర్పినదో వారికి తెలియదు.

ఇదే గుంటూరు సీమలో దీనికి పూర్తిగా భిన్నమైన కాపలా ఒకటి జరిగినది. 1921 చివర, 1922 మొదట పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వాన పన్నుల నిరాకరణోద్యమం సాగినప్పుడు గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. ప్రభుత్వపు చెయ్యి లేని ఆ వారాలలో గ్రామాల శాంతిని కాపాడినవారు శాంతిసేన స్వచ్ఛంద సేవకులు. కాపలా అధికారికి చెందిన పని కాదు, ఇరుగుపొరుగుకు చెందిన పని అని ఆ రైతులు చూపించారని మా ఉద్దేశం.

1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినది. తలారులు, వెట్టివారు గ్రామసేవకులై, తరువాత గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. పగటి కచేరీ పనులు మిగిలినవి. రాత్రి కేక పోయినది.

ఇక యంత్రం సంగతి. విద్యుదయస్కాంతంతో పనిచేసే దొంగల గంటకు అమెరికాలోని మసాచుసెట్సులో ఆగస్టస్ పోప్ అనే ఆయన 1853 జూన్ 21న పేటెంటు పొందాడు. తలుపు తెరిస్తే తీగలు కలిసి గంట మ్రోగేది. ఆ తరువాత తలుపు మూసినా మ్రోత ఆగేది కాదు. ఆ హక్కును ఎడ్విన్ హోమ్స్ కొని బోస్టనులోను, న్యూయార్కులోను వ్యాపారం సాగించాడు. 1877లో టెలిఫోను క్రొత్తగా వచ్చినప్పుడు బోస్టనులో మొట్టమొదట బ్యాంకులను ఒక కేంద్రానికి కలిపి మాటలాడించినది ఆ హోమ్స్ సంస్థ అలారం తీగల మీదనే. మన తలారి లాగానే అలారం కూడ మొదటినుంచి ఒకచోటి కేకను మరొకచోటికి చేర్చే పనిలోనే ఉన్నది.

నేటి యంత్రం ఇంతకన్న మర్మమైనదేమీ కాదు. తలుపు రెక్కకు చిన్న అయస్కాంతం, ద్వారబంధానికి గాజుగొట్టంలో ఒక మీట. రెక్క తొలగితే మీట విడిపోయి వలయం తెగుతుంది. పోప్ గంటలో తీగలు కలిస్తే మ్రోత. దీనిలో తెగితే మ్రోత. దొంగ తీగ కత్తిరించినా గంట మ్రోగడమే ఈ మార్పు వలన కలిగిన లాభం. గది మూలన అమర్చే మరొక పరికరం మనిషి ఒంటి వెచ్చదనాన్ని కనిపెడుతుంది. మన శరీరం కంటికి కానరాని పరారుణ కిరణాలను వెలువరిస్తూ ఉంటుంది. ఆ వెచ్చదనం గదిలో ఒకచోటినుంచి మరొకచోటికి కదిలితే యంత్రం గ్రహిస్తుంది. అది వెచ్చదనాన్ని చూస్తుందే గాని కులం చూడదు, ఊరు అడగదు. తలారికి లేని గుణమిది. ఐతే ఆ ఊరిలో ఎవరు ఎవరి చుట్టమో తలారికి తెలుసు; యంత్రానికి ఇంటి యజమాని కూడ పరాయివాడే. అందుకే దానికి రహస్య సంఖ్య ఒకటి చెప్పవలసి వస్తుంది.

ఇల్లు విడిచేటప్పుడు ఆ సంఖ్య నొక్కి కాపలా పెట్టాలి. బయటకు పోవడానికి, తిరిగి వచ్చి కాపలా తీయడానికి కొన్ని సెకనుల గడువు ఉంటుంది. ముసలివారున్న ఇంటిలో ఆ గడువు కొంచెం పెంచుకోవడం మంచిది. మన సీమకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నవి. వైశాఖమాసపు ఎండకు గోడలు సైతం మనిషి ఒంటి వేడికి చేరుకొంటే వెచ్చదనం పట్టే పరికరానికి మనిషికీ గోడకూ తేడా చిక్కదు. ఆ రోజులలో తలుపు మీటలను ఎక్కువ నమ్మాలి. బల్లి ఆ పరికరం మీద ప్రాకినా గంట మ్రోగవచ్చు. పత్తి కూరిన గదిలో బస్తాలు దానికి అడ్డు వస్తే అది గ్రుడ్డిదే. కరెంటు పోయినప్పుడు ఆదుకొనే బ్యాటరీ రెండు మూడేండ్లకు నీరసిస్తుంది. అకారణంగా నాలుగుసార్లు కూసిన గంటను అయిదవసారి వీధివారు పట్టించుకోరు.

తాళం వేసిన ఇండ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ 2017 ప్రాంతంలో ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటును ప్రవేశపెట్టినది. ఇంటివారు ఫోనులో పేరు నమోదు చేసుకొని, ఊరికి పోయేముందు కబురు చేస్తే, పోలీసులు వచ్చి కదలికను గుర్తించే కెమెరాను ఉచితంగా ఇంటిలో అమర్చడం దీనిలోని విధానం. ఎవరైనా ప్రవేశిస్తే కంట్రోలు రూములో హెచ్చరిక. దగ్గరలో తిరుగుతున్న గస్తీవారికి కబురు. కేక ఇంటిలో, చెవి స్టేషనులో, కాలు వీధిలో ఉన్నవి. మేము దీనిని మెచ్చుకొనడానికి కారణం కెమెరా కాదు. కేకకు ఫలానావారు రావాలని ఒక బాధ్యుని పేరు మళ్లీ వ్రాయబడినది.

సొంతంగా యంత్రం పెట్టుకొన్నవారు కూడ అట్టి పేరు ఒకటి వ్రాసుకోవాలి. గంట మ్రోగితే మొదట ఎవరికి ఫోను పోవాలి? అమెరికాలో ఉన్న కుమారునికి పోయి ప్రయోజనం లేదు. ఎదురింటివారికి పోవాలి, ఆ పైన 112కు. నెలకొకసారి పగటిపూట గంటను మ్రోగించి పరీక్షించుకోవాలి. ఆ సంగతి వీధివారికి ముందుగా చెప్పి మ్రోగించడం మర్యాద. చెప్పడం మరచి మ్రోగించినప్పుడు నలుగురు కర్రలు పుచ్చుకొని పరుగెత్తి వస్తే, వారికి మంచినీళ్లిచ్చి, యంత్రం బాగానే పనిచేస్తున్నదని పుస్తకంలో వ్రాసుకోవచ్చు.